ఎఱ్ఱచందనమును, వాపును

శేషాచలపు కొండలలోని ఎఱ్ఱచందనము తూర్పుకనుమల దక్షిణభాగమునందు తప్ప లోకమున మఱియెచ్చటను తానై మొలవదు. చేవ కట్టుటకు దశాబ్దములు పట్టు నీ వృక్షము దొంగనఱకుల పాలగుచుండుటచేత, 1995 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారమునకు కట్టడి కలదు. కాని మేము వ్రాయదలచినది దుంగలను గూర్చి కాదు, గంధమును గూర్చి.

మేమెఱిగిన తిరుపతి, చిత్తూరు ఇండ్లలో కాలు బెణికినను, చేయి వాచినను ఎఱ్ఱచందనపు చెక్కను సానపై నీటితో అరగదీసి పట్టు వేయుదురు. చెక్క దొరకనినాడు మా అవ్వ తిరుపతిలో కొన్న చందనపు బొమ్మనే అరగదీసెడిది. మా చెల్లెలి బొమ్మకు ముక్కు లేకపోవుటకు కారణమిదియే. వాపెట్లు తగ్గునని యడిగినచో “చలువ చేస్తుంది లేరా” అనెడిది.

ఆ చలువ యేమో చూతము. దెబ్బ తగిలినచోట రక్తనాళములు వెడల్పగును, నీరూరును, తెల్లరక్తకణములు గుంపుగూడును. వానిలో ముందుగా వచ్చునవి న్యూట్రోఫిల్ కణములు. ఇవి సూపరాక్సైడు అను తీక్ష్ణపదార్థమును, ఎలాస్టేజు అను ఎంజైమును వెడలించును. సూక్ష్మజీవులను చంపుట కివి ఆయుధములు. అయితే పంటను కాపాడవచ్చిన దండు ఆ పంటనే త్రొక్కినట్లు, మితిమీరినచో ఇవి మన కండను గూడ చెఱచును.

ఈ చెట్టు చేవలో టెరోస్టిల్బీను అను పదార్థము కలదని 1940లోనే కనుగొనిరి. టెరోకార్పస్ అను చెట్టు శాస్త్రనామమే దాని పేరున నిలిచినది. 2011లో తైవాను శాస్త్రజ్ఞులు ఈ చేవనుండియే నియోఫ్లేవనాయిడ్లు, బెంజోఫ్యూరానులు అనువానిని వేఱుచేసి, మనుష్యుల న్యూట్రోఫిల్ కణములపై పరీక్షించిరి. కణములను రసాయనముతో రెచ్చగొట్టి వీనిని చేర్చగా, కొన్నిటివలన సూపరాక్సైడు, ఎలాస్టేజు తగ్గినవి. అన్నియు ఒక్కరీతిగా పనిచేయలేదు. ఇది చదివి మేము మిక్కిలి మురిసితిమి. మా అవ్వ గంధము తైవానులో పరీక్షకు నిలిచినదని నలుగురితో చెప్పుకొంటిమి గూడ!

అయినను గాజుపాత్రలోని కణము వేఱు, చర్మము క్రింది కణము వేఱు. ఎఱ్ఱచందనపు రంగు సారాలో కరగును గాని చన్నీట కరగదు. సానపై మనము పోయునది నీరే. ఆ పట్టులో కరగిన దెంత, తోలు దాటి లోనికి పోవున దెంత? తడిగంధపు చల్లదనమే నొప్పిని కొంత మఱపించునేమో యని మాకు తోచుచున్నది.

మఱియొక సంగతి పెద్దలు తప్పక వినవలెను. మా వీథిలోని యొక బాలుని పాదమున తుమ్మముల్లు విఱిగి నిలిచెను. నాలుగు దినములు గంధమే పూసిరి. ఐదవనాటికి జ్వరము వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టెను. డాక్టరుగారు గంధమును కడిగించి చూడగా, ఎఱ్ఱదనము చీలమండ దాటి ప్రాకియుండెను. పై పట్టును ఎఱ్ఱనిదే యగుటచేత ఇంటివారి కెవ్వరికిని అది కనబడలేదట. ఆయన కోసి, చీమును ముల్లుతునకను తీసివేసి, మందులిచ్చిరి. అచ్చట తెల్లకణములు చేయుచుండినది అల్లరి కాదు, యుద్ధము. దానిని చల్లార్చుటకంటె ముల్లు తీయుట ముఖ్యము.

మా యింట నేటికిని బెణుకులకు గంధము పట్టువేయుదురు. తోలు చిట్లినచోట వేయరు. జ్వరము తగిలినచో సానను మూలకు చేర్చి ఆసుపత్రికి బయలుదేరుదురు.