కుర్చీ మారే వేళ

ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పన్నం తిని, గోల్ డాక్‌ఖానా వైపు నడిచాను. అక్కడ సెయింట్ కొలంబాస్ బడి. 1941లో ఐరిష్ క్రిస్టియన్ బ్రదర్స్ మొదలుపెట్టారు. గంట కొట్టిన తొలి చేతులు ఇప్పుడు లేవు. పిల్లల సందడి మాత్రం అలాగే ఉంది.

అది చూస్తుంటే మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ గుర్తొచ్చింది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలోంచి పుట్టిన బడి అది. గ్వాలియర్‌లో సింధియా స్కూల్ నడిపిన పియర్స్ అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన తరువాత బాలసుందరం, ఆపైన నారాయణ్ ఆ బాధ్యత మోశారు. 1986 ఫిబ్రవరిలో కృష్ణమూర్తే కన్నుమూశారు. ఆ లోయలో పాఠాలు ఆగలేదు.

ప్రిన్సిపాల్ కుర్చీ మారినప్పుడు తాళాలు, రిజిస్టర్లు, బ్యాంకు పుస్తకాలు ఒక్క పూటలో చేతులు మారతాయి. ఏ పిల్లాడు ఎందుకు మూగబోయాడో, ఏ ఇంటికి ఫీజు కట్టడం కష్టమవుతోందో, ఏ టీచరు భుజం ఎప్పుడు తట్టాలో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. వెళ్లేవారు అది దాచుకోకుండా చెప్పాలి. వచ్చేవారు మొదటి ఏడాది మార్చడం కన్నా వినడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ప్రైవేటు బడిని ఆస్తిగా చూస్తే వారసుడు చాలు. బడిగా చూస్తే మాత్రం తన తరువాతి మనిషిని తయారుచేయడం కూడా పెద్ద మాస్టారి పాఠాల్లో ఒకటి. ఆ పాఠాన్ని పదవీ విరమణ సభ దాకా వాయిదా వేయకూడదు.