కత్తెర పట్టినవాని ధర్మము

యంత్రము బలపడినకొలది దానిని నడుపువాని బాధ్యత తగ్గునని పలువురు తలంతురు. అది పెరుగునని నాకు తోచుచున్నది.

ఈ నడుమ నేనొక బలమైన లాప్‌టాప్ కొని, అందు డావిన్చీ రిజాల్వ్ అను వీడియో ఎడిటింగు సాఫ్ట్‌వేరును పరీక్షించితిని. ఇది మొదట చలనచిత్రముల రంగులు సవరించుటలో పేరుగన్న సాధనము. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కంపెనీ దీనిని కొని, కత్తిరింపు, ధ్వని మున్నగు పనులను గూడ క్రమముగా నిందు చేర్చినది. వెల చెల్లింప నక్కరలేని ప్రతియు గలదు. 4కె చిత్రమున ఒక్కొక్క ఫ్రేములో అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి సుమారు 83 లక్షల చుక్కలుండును. సెకనుకు 25 ఫ్రేములైనచో 20 కోట్లకు పైబడిన చుక్కలను యంత్రము చూపవలయును. నా పాత యంత్రము ఈ బరువు మోయలేక నడుమ నడుమ నిలిచిపోయెడిది. క్రొత్తదానియందు బొమ్మ నీటిధారవలె సాగినది.

పూర్వము ఫిల్మును కోసి అతికెడివారు. ఇప్పుడెంత కోసినను మూలమునకు గాయము తగులదు. ఎచ్చటినుండి ఎచ్చటివరకు చూపవలయునో సాఫ్ట్‌వేరు వ్రాసికొనును, అంతియే. కాని చూచువానికి మూలము కనబడదు గదా! మనము మిగిల్చినదే వానికి సత్యము.

పరీక్షకై నేను తీసికొన్నది 84 ఏండ్ల మా మేనత్తగారి మాటలు. ఒకచో ఆమె యిట్లనిరి: "తరగతిలో నేనే మొదటిదానను. పండ్రెండవ యేట నాయనగారు పెండ్లి చేసి బడి మాన్పించిరి." పిమ్మట తొమ్మిది సెకనులు, అనగా 225 ఫ్రేములు, ఆమె పలుకలేదు, చీరచెరగును వ్రేలికి చుట్టుకొనుచుండిరి. అటుపై ఊరి తిరునాళ్లు జ్ఞప్తికి వచ్చి నవ్విరి.

నా తమ్ముని కుమారుడు, "పెదనాన్నగారూ, ఈ మౌనము తీసివేసిన చురుకుగా నుండును" అనెను. తీసి చూచితిని. బడి మానిన మాటకే ఆమె నవ్వినట్లు కనబడెను! ఒక్క అక్షరమైన మార్చకయే అబద్ధము పుట్టినది.

మా అన్నగారు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఆ పెండ్లి ప్రసంగమునే తొలగింపుమనిరి. 1929నాటి శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు నిండవలెననెను. 1949లో దానిని 15కు పెంచిరి. అత్తగారి పెండ్లి ఆ తరువాతిదే. తాతగారికి అప్రతిష్ఠ యని అన్నగారి భయము.

ఈ తగవు తీర్ప నేనెవ్వడను? లాప్‌టాప్‌ను అత్తగారి యెదుట పెట్టి అంతయు చూపితిని. ఆమె, "మా నాయన చెడ్డవాడు కాడురా. అయినను జరిగినది జరిగినట్లే యుండనీ. మనుమరాండ్రు వినవలె" అనిరి. మాటయు నుండెను, మౌనమును నుండెను.

స్త్రీవిద్యనుగూర్చి సభలలో దీర్ఘోపన్యాసములిచ్చు మనము, మన యింటి స్త్రీ నోరువిప్పినప్పుడు కత్తెరకై వెదకుట తగునా? ఇండ్లలో పెద్దల మాటలు పట్టి యుంచు పాఠకులారా! మూలమును వేరుగా భద్రపరచుడు. కూర్చినదానిని మాటలాడినవారికే మొదట చూపుడు. ఏది కోయవచ్చునో యంత్రము చెప్పగలదు. ఏది కోయరాదో వారినే యడుగవలయును.