మైక్రోఫోను ముందు శిక్షణ

రేడియోలో గాని, టెలివిజన్‌లో గాని కొలువు కోరే విద్యార్థికి పట్టాతో పాటు స్టూడియోలో కొన్ని వారాల శిక్షణ కూడా అవసరమని మా అభిప్రాయం. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిన దక్కన్ రేడియో నాటి నుండే హైదరాబాదులో ఉర్దూ, తెలుగు ప్రసారాలు పక్కపక్కనే వినవస్తున్నాయి. ఆ రెండు భాషలూ ఎరిగిన మన కళాశాలవారికి ఇంతకన్న అనువైన రంగం మరేది?

అయితే భాష రావడం వేరు, మైకు ముందు పలకడం వేరు. 'ప', 'భ' అన్నప్పుడు పెదవులు వదలిన గాలి నేరుగా మైకుకు తగిలితే టప్పుమని మోగుతుంది. అందుకే నోటిని కొంచెం పక్కకు ఉంచాలి. కాగితాల చప్పుడు వినబడరాదు గనుక ప్రతిని ఒకవైపే వ్రాసి, పిన్ను తీసి, పుటలను మెల్లగా జరపాలి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి 'ళ', 'ణ'లు కష్టం. హైదరాబాదీల నోట ఉర్దూ 'కలం' కాస్తా 'ఖలం' కావడమూ అందరెరిగినదే! ఇవన్నీ అనుభవజ్ఞుల ప్రక్కన కూర్చున్నవారికే పట్టుబడతాయి.

చిక్కల్లా ఒక్కటే. ఇట్టి శిక్షణలలో పెక్కింటికి వేతనం ఉండదు. బస్సు చార్జీలకు సైతం ఇంట అడుగలేనివారు, సెలవులలో దుకాణాలలో పనిచేసి ఫీజు కూడబెట్టుకొనేవారు మాలో ఉన్నారు. జీతం లేని నెల వారి ఇంట అప్పుగా మిగులుతుంది. కంఠం బాగున్నా వారు వెనుకనే ఉండిపోతున్నారు. కావున ఏటా ఇద్దరికైనా, ఉర్దూ విభాగం నుండి ఒకరికి, తెలుగు విభాగం నుండి ఒకరికి, దారిఖర్చులు కళాశాల నిధి నుండి ఇప్పించవలసిందిగా కమిటీ పెద్దలను ప్రార్థిస్తున్నాము. వేసవి సెలవులకు ముందే నిర్ణయం తెలిపినచో దరఖాస్తులు సకాలంలో పంపుకొనగలము.