బంగారుపేటలో కాచుకోవద్దు

మొన్న జపానులో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి సెలవుల్లో నేనొక్కడినే వెళ్లి అవ్వను చూసొస్తా. కె.జి.ఎఫ్.కి దారి రాసి పంపు" అన్నాడు. నా బదిలీల వెంట ఊరూరా పెరిగిన పిల్లవాడు. అవ్వ ఊరికి ఎప్పుడూ కారు వెనకసీట్లో నిద్రపోతూ వెళ్లినవాడే. సరేనని కాగితం తీసుకున్నాను.

విమానం దేవనహళ్లిలో దిగుతుంది. 2008 మే దాకా హెచ్.ఎ.ఎల్. దగ్గర దిగేది, అది మనవైపే. ఇప్పుడు దేవనహళ్లి నుంచి కారులో కృష్ణరాజపురం స్టేషనుకు వచ్చి మారికుప్పం రైలు ఎక్కాలి. అది దొరక్కపోతే బంగారుపేటలో ఆగే మరేదైనా రైలు ఎక్కి, అక్కడ మారాలి. బంగారుపేట నుంచి మారికుప్పానికి 16 కిలోమీటర్ల కొమ్మలైను. 1894లో బంగారు గనుల కోసం వేశారు. కోరమాండల్ దాటాక ఊరుగాంలో దిగు. సైనైడు దిబ్బలు కనిపిస్తే మనూరు వచ్చినట్టే. రైలు వద్దనుకుంటే బెంగళూరు నుంచి కోలారు మీదుగా బస్సులున్నాయి.

ఇంతవరకూ రాసి కలం ఆపాను.

1997లో నేను విజయవాడలో పనిచేస్తుండగా, నాయనకు బాగాలేదని టెలిగ్రాం వచ్చింది. రాత్రి రైలు పట్టుకున్నాను. అది బంగారుపేటకు రెండు గంటలు ఆలస్యంగా చేరింది. కొమ్మలైను బండి వెళ్లిపోయింది. స్టేషను బయట బస్సులున్నాయి. కానీ చేతిలో ఊరుగాం దాకా టికెట్టుంది, తర్వాతి బండి ఉండనే ఉంది. దండగ ఎందుకని బల్లమీద కూర్చున్నాను. బ్యాంకువాడి లెక్క!

ఇల్లు చేరేసరికి నాయన పోయి అరగంట. "ఇంతసేపూ నిన్నే అడిగినాడురా" అంది అమ్మ. బస్సెక్కి ఉంటే అందేవాణ్ణి. ఈ మాట ఇన్నేళ్లలో ఆమెకు చెప్పలేదు.

నాయన ముప్పయ్యేళ్లు దిగిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. బంగారం కోసం వేసిన లైను మీద ఇప్పుడు తెల్లవారుజామునే మనవాళ్లు బెంగళూరు పనులకు పోతున్నారు. అమ్మకు ఎనభైనాలుగు. చూపు తగ్గింది, కానీ వీధిలో ఆటో ఆగితే తల ఎత్తుతుంది.

కాగితం చివర ఇంకో వాక్యం రాసి, కింద గీత గీశాను: "బంగారుపేటలో రైలు తప్పితే కాచుకోవద్దు. బయటికొచ్చి బస్సెక్కు. టికెట్టు డబ్బులు పోతే పోనీ, నేనిస్తాను."