ఆఖరి వరుస హీరో!

మిల్వాకీ బేస్‌బాల్ స్టేడియంలో అన్నిటికన్నా పనికిరాని సీటు ఎక్కడుందో చూడాలంటే ఓపిగ్గా మెట్లెక్కాలి. పై అంతస్తులో 422వ సెక్షన్... అందులో చిట్టచివరి వరుస. అక్కణ్నుంచి ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. పైకప్పుని మోసే ఉక్కు దూలాలు అడ్డొచ్చి ఆ చీమలూ సరిగ్గా కనిపించవు. అలాంటి చోట ఓ కంచు మనిషి తాపీగా కూర్చుని ఉంటాడు. అభిమానులు ఆయాసపడుతూ ఎక్కివచ్చి, పక్కన కూర్చుని ఫొటో దిగి వెళ్తుంటారు.

ఆయన పేరు బాబ్ యూకర్. అదే స్టేడియం బయట, బేస్‌బాల్ దిగ్గజం హ్యాంక్ ఆరన్ విగ్రహం ఉన్నచోటే, 2012లో ఆయనకీ నిలువెత్తు విగ్రహం పెట్టారు. అది గౌరవం. 2014లో ఈ చివరి వరుసలో పెట్టింది మాత్రం అచ్చంగా సరదా. అలనాటి ఓ బీరు ప్రకటనలో యూకర్ ఉచిత టికెట్‌తో దర్జాగా వచ్చి కూర్చుంటాడు. ఇది మీ సీటు కాదు లెమ్మంటే, ‘అయితే నాది ముందు వరుసే అయ్యుంటుంది’ అనుకుంటూ లేస్తాడు. చివరికి తేలేది ఆకాశానికి దగ్గర్లో! ఆ దెబ్బతో అమెరికాలో ఏ స్టేడియంలోనైనా చివరి సీట్లని ‘యూకర్ సీట్లు’ అనడం వాడుకైపోయింది. మిల్వాకీలో చాలాకాలం వాటి టికెట్ ఒక్క డాలరే.

షికాగోకి ఉత్తరంగా కారులో గంటన్నర వెళ్తే మిచిగన్ సరస్సు ఒడ్డున వస్తుంది మిల్వాకీ. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు పెంచిన ఊరు. బీరుకి పెట్టింది పేరు. జట్టు పేరే బ్రూవర్స్, అంటే బీరు కాచేవాళ్లు. మ్యాచ్ రోజున స్టేడియం కార్ల పార్కింగే ఓ పెద్ద వనభోజనం. కుటుంబాలకి కుటుంబాలు పొయ్యిలు తెచ్చుకుని మాంసం సాసేజ్‌లు కాలుస్తుంటారు. ఆట మధ్యలో సాసేజ్ వేషాలేసుకుని పరుగుపందెం కూడా పెడతారు!

ఈ సందడి వెనక పాత గాయం ఒకటుంది. 1953లో ఊరికి బ్రేవ్స్ అనే జట్టు వచ్చింది. జనం నెత్తిన పెట్టుకున్నారు. 1957లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. కానీ 1966లో యజమానులు దాన్ని మూటగట్టి అట్లాంటాకి తీసుకుపోయారు. నాలుగేళ్లు ఊరికి సొంత జట్టంటూ లేదు. 1970లో సియాటిల్ జట్టుని కొనుక్కొచ్చి బ్రూవర్స్ అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే రేడియోలో యూకర్ గొంతు మొదలైంది. పైగా పరాయివాడు కాదు. 1934లో అక్కడే పుట్టి, ఆ ఊరి బ్రేవ్స్‌కే ఆడినవాడు.

ఇంతకీ ఆటగాడిగా ఆయనెంత? 1962 నుంచి 1967 దాకా పెద్ద లీగ్‌లో 731 సార్లు బ్యాటింగ్ చేస్తే హిట్లు 146. హోమ్ రన్‌లు, అంటే మన సిక్సర్ లాంటివి, మొత్తం పద్నాలుగు. ఆ లెక్కనే ఆయన జీవితాంతం అమ్ముకుని బతికాడు. మూడువేల డాలర్లకి బ్రేవ్స్‌తో ఒప్పందం కుదిరితే ‘అంత డబ్బు కట్టలేమని మా నాన్న బెంగపెట్టుకున్నాడు’ అనేవాడు. గాల్లో వంకరలు పోయే నకుల్ బంతిని పట్టడమెలా అంటే, ‘దొర్లడం ఆగేదాకా ఉండి తీసుకోవడమే’ అనేవాడు. ఊరికే అనలేదు. 1967లో లీగ్ మొత్తంలో ఎక్కువ బంతులు వదిలేసిన క్యాచర్ ఆయనే.

క్యాచరంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. మిగతా ఫీల్డర్లంతా బ్యాటర్ వైపు చూస్తుంటే, మైదానం మొత్తాన్నీ ఎదురుగా చూసేది క్యాచర్ ఒక్కడే. ఏ బంతి వేయాలో పిచర్‌కి సైగ చేసేదీ అతడే. కామెంట్రీకి అంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది? 1964లో వరల్డ్ సిరీస్ గెలిచిన సెయింట్ లూయిస్ జట్టులో ప్రధాన క్యాచర్ టిమ్ మెకార్వర్ అయితే, బెంచీ మీది క్యాచర్ యూకర్. వ్యాఖ్యాతలకిచ్చే ఫ్రిక్ పురస్కారం తర్వాత ఇద్దరికీ వచ్చింది. బెంచీ మీదాయనకే ముందొచ్చింది, 2003లో! మన గుంటూరు వికెట్‌కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ తెలుగు కామెంట్రీలో రాణించడం కూడా ఈ సందర్భంలో గుర్తుకొస్తుంది.

ఆటగాళ్లు మైకు పట్టడం యూకర్‌తో మొదలవలేదు. 1932లోనే క్లీవ్‌లాండ్‌లో జాక్ గ్రానీ ఆ దారి వేశాడు. అయితే యూకర్‌ని మైకు దగ్గరికి చేర్చింది మాత్రం ఓ భోజనం! కొత్త కుర్రాళ్ల ఆట చూసి నివేదిక రాసిపెట్టమని బ్రూవర్స్ యజమాని బడ్ సెలిగ్ ఆయనకి పని అప్పగించాడు. ఆ కాగితాలు కూరా పులుసూ అంటుకుని వచ్చాయట. ఆ కథ సెలిగే నవ్వుతూ చెప్పేవాడు. ఇక లాభంలేదని రేడియోకి మార్చారు.

అక్కడ 54 సీజన్లు గడిచాయి. ఒక్కో సీజన్‌కి 162 మ్యాచ్‌లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ ఆటే. పాలకి పేరుపడ్డ విస్కాన్సిన్ రాష్ట్రంలో పశువుల కొట్టాల్లో, చేపల పడవల్లో, వంటిళ్లలో ఆ గొంతు మోగేది. బంతి గాల్లోకి లేస్తే ‘గెటప్... గెటప్... గెటవుటా హియర్... గాన్!’ అని కేక. లే, లే, ఇక్కణ్నుంచి పో, పోయింది! జట్టు పదికి పది ఓడుతున్నా జనం రేడియో కట్టేయలేదంటే కారణం ఆయన చెప్పే పిట్టకథలే.

జానీ కార్సన్ టీవీ షోకి ఆయన దాదాపు వందసార్లు వెళ్లాడు. సినిమాల్లో, సీరియల్‌లో నటించాడు. దేశమంతా పిలుస్తున్నా ఏటా వేసవికి మాత్రం మిల్వాకీ మైకు ముందే. జట్టు పారిపోయిన బాధ ఎరిగిన ఊరికి ఇది చిన్న విషయం కాదు.

ఇన్నేళ్లలో ఆయనకి దక్కనిది ఒక్కటే. తన జట్టు వరల్డ్ సిరీస్ గెలిచిందని చెప్పే అవకాశం. 1982లో ఏడో మ్యాచ్‌దాకా వెళ్లి ఓడారు. ఓడించింది ఎవరో కాదు, ఆయన పాత జట్టు సెయింట్ లూయిసే!

2023 మొదట్లోనే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. శ్రోతలకి చెప్పలేదు. చికిత్స తీసుకుంటూనే రెండు సీజన్లు మైకు ముందు కూర్చున్నాడు. 2024 అక్టోబరు 3న సొంతగడ్డపై న్యూయార్క్ మెట్స్‌తో నాకౌట్. ఆఖరి ఇన్నింగ్స్‌లో బ్రూవర్స్ 2-0 ఆధిక్యం. ఇంకో రెండు వికెట్లు తీస్తే గెలుపే అనుకోవచ్చు. అప్పుడు పీట్ అలోన్సో కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో అంతా తలకిందులైంది. ఆ రాత్రి వీడ్కోలు చెబుతున్నప్పుడు యూకర్ గొంతులో జోకుల్లేవు. అదే చివరి ప్రసారం. 2025 జనవరి 16న, 91వ పుట్టినరోజుకి పదిరోజుల ముందు కన్నుమూశాడు.

ఆ ఏడాది బ్రూవర్స్ 97 మ్యాచ్‌లు గెలిచారు. జట్టు చరిత్రలో అన్ని విజయాలు ఎప్పుడూ లేవు. అక్టోబరులో మాత్రం లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ చేతిలో వరసగా నాలుగు ఓడి, వరల్డ్ సిరీస్ గుమ్మం ముందే ఆగిపోయారు.