లంకమల కింద కలివికోడి
2025 ఆగస్టులో మన ఆంధ్రలో కలివికోడి కూత రికార్డయిందని విని, దాని పాత తావు చూద్దామని మేము సిద్ధవటం వెళ్లాము. లంకమల కొండల కింద ఎండిన నేల, గులకరాళ్లు, ముళ్లపొదలు. పగలు దాగి రాత్రి తిరిగే ఈ పక్షిని 1900 తరువాత ఎవరూ చూడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర దొరికింది. 2008 ప్రాంతం నుండి 2025 దాకా మళ్లీ జాడ లేదు.

పొదలు నరికితే దానికి దాపు పోతుంది. మరీ దట్టమైతే పరుగెత్తే చోటుండదు. ఈ సంగతి చెప్పగా మేకల కాపరి, "పొదలు ముట్టకుంటే మా మేకలేం తినాల అయ్యగారూ?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రి ఊరి పొలిమేరలో చాలాసేపు చెవియొగ్గి కూర్చున్నాము. కీచురాళ్లు తప్ప ఏమీ వినబడలేదు.