వేడి చేసిందిలే!

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాళ్లకి వొక ధీమా వుంటుంది. లోకంలో ప్రతిదానికీ మన దగ్గర మాట వుందనుకుంటాం. యిరవై యేళ్లుగా నేనూ ఆ ధీమాతోనే పాఠాలు చెబుతున్నాను. ప్రబంధకవిగారు నాయికను కొప్పు మొదలు కాలిగోటి దాకా వర్ణిస్తే, సమాసాలు విడగొట్టి, అలంకారాల పేర్లు చెప్పి, మగపిల్లలు నిండిన క్లాసులో యెక్కడా తడుముకోకుండా చెప్పుకొచ్చినదాన్ని. అటువంటి నాకు కన్నతల్లిని వొక్క ప్రశ్న అడగవలసి వచ్చేసరికి నోట మాట రాలేదు.

2019 శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి శెలవు పెట్టి తెనాలి దగ్గర మా వూరు వెళ్లాను. మా అమ్మకి అప్పటికి అరవైయొక్క యేళ్లు. కాస్త భారీ మనిషి. చక్కెరజబ్బు కూడా వుంది. ఆవిడ చేతిమీదుగా జరగని వ్రతం మా యింట్లో నేనెరగను. ఆ యేడు మాత్రం పీటమీద మా మరదల్ని కూర్చోబెట్టింది. “మోకాళ్లు నెప్పులే, కింద కూర్చోలేను” అంది. పోనీ కుర్చీ వేస్తానంటే, “కానివ్వండి, యిక్కణ్ణుంచి చూస్తాలే” అని గడప యివతలే నిలబడింది. తోరం కట్టించుకోవడానికి చెయ్యి కూడా చాపలేదు. మోకాళ్లకీ తోరానికీ సంబంధం యేమిటో నాకు తోచలేదు.

మధ్యాహ్నం విస్తళ్లు తీస్తూ మరదలు మెల్లిగా అంది: “వదినగారూ, అత్తయ్యగారు అయిదు నెలలుగా దేవుడి దగ్గర దీపం పెట్టడం లేదు. రోజూ నాచేతే పెట్టిస్తున్నారు. సబ్జాగింజలు, బార్లీనీళ్లు తెగ తాగుతున్నారు. యేమిటండీ అంటే వేడి చేసిందిలే అంటారు.”

ఆ రాత్రి అమ్మ మంచం మీద కూర్చుని యెలా అడగాలా అని ఆలోచించాను. ముట్టు అందామంటే ఆవిడకి ఆగిపోయి పదేళ్లయింది. రక్తస్రావం అందామంటే పాఠ్యపుస్తకంలా వుంటుంది. బయట వుండటం, దూరం, మైల — మనకున్నవన్నీ ప్రక్కదారిన తప్పుకుపోయే మాటలే. చివరికి, “అమ్మా, దేవుడి గదిలోకి యెందుకు వెళ్లడం లేదు?” అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడవైపు తిరిగి, “అగుపిస్తోందే” అంది.

“యేమిటి?”

“అదే. అప్పుడప్పుడూ చుక్క. వేడి చేసిందిలే.”

మోకాళ్ల నెప్పులని మాతో అబద్ధం ఆడింది. దేవుడి దగ్గర అబద్ధం ఆడలేక గడప దాటలేదు. అంతే సంగతి.

నా గుండె ఝల్లుమంది. 1993లో నేను పదో తరగతిలో వుండగా మా మేనత్త పోయింది. యేం జబ్బని యెవరూ చెప్పలేదు. “ఆడజబ్బు” అన్నారు వొకరు, “వేడి చేసి పోయింది” అన్నారు మరొకరు. కడపటి రోజుల్లో ఆవిడ పడుకున్న గదిలోకి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. ఆవిడకి సేవ చేసింది మా అమ్మే. తనకీ అలాంటిదేదో వచ్చిందని అమ్మ భయపడే వుంటుంది. భయపడింది గనకనే చెప్పలేదు. పేరు పెట్టకపోతే రాదనుకుంది కాబోలు.

మర్నాడే గుంటూరు తీసుకువెళ్లాను. ఆ లేడీడాక్టరు నా యీడుది. అమ్మ సిగ్గుపడుతోందని గ్రహించి, ముందు పెరట్లో యే మొక్కలు వేశారని అడిగింది. ఆ తర్వాత మాకు చెప్పిన సంగతులు, నాకు అర్థమైన తెలుగులో మీకు చెబుతాను.

గర్భసంచికి లోపల వొక పొర వుంటుంది. నెలనెలా అది పెరిగి వూడిపోవడమే ముట్టు. పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతే యిక ఆగిపోయినట్లే లెక్క. ఆ తర్వాత యెర్రగా గాని, గోధుమరంగుగా గాని, వొక్క చుక్క అగుపించినా అది వేడి కాదు. ముట్టు తిరిగి రావడమూ కాదు. డాక్టరుకి చూపించవలసిందే. అలా అగుపించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది క్యాన్సరు కాదు. పొర పలచబడో, చిన్న కండ పెరిగో, మరెందుకో అవుతుంది. కాని లోపొరకు క్యాన్సరు వచ్చినవాళ్లను తీసుకుంటే, పదిమందిలో తొమ్మిదిమందికి మొట్టమొదట అందే కబురు ఆ చుక్కే. రోగం దొంగలా రాకుండా తలుపు తట్టి వస్తుందన్నమాట. తలుపు తీయనిది మనమే.

యెవరికి వచ్చే అవకాశం యెక్కువ? వొళ్లు బాగా వున్నవాళ్లకి, చక్కెరజబ్బు వున్నవాళ్లకి, పిల్లలు కలగనివాళ్లకి, ముట్లు ఆలస్యంగా ఆగినవాళ్లకి, రక్తబంధువుల్లో యిటువంటి జబ్బు వున్నవాళ్లకి. వొంట్లో పేరుకున్న కొవ్వు వూరికే కూర్చోదట. ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారుచేస్తుందట. దాన్ని అదుపులో పెట్టే రెండో హార్మోను ముట్లతోపాటే తగ్గిపోతుంది కనుక, లోపొర అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది.

లోపలినుంచి చేసే స్కానింగులో ఆ పొర మందం కొలుస్తారు. ముట్లాగిన స్త్రీకి 4 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ వుంటే క్యాన్సరు భయం చాలా తక్కువ. మా అమ్మకి 12 వుంది. సన్నటి గొట్టంతో పొర ముక్క తీసి పరీక్షకు పంపారు. అమ్మ పళ్లు బిగబట్టింది గాని, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫలితం రావడానికి పట్టిన వారం రోజులు మాత్రం నాకు వారం రోజుల్లా లేవు.

వచ్చింది క్యాన్సరే. కాని లోపొర దాటి యెక్కువ దూరం పోలేదు. గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. మొదటి దశ అన్నారు. కరెంటు పెట్టడమూ, మందులు యెక్కించడమూ లేకుండానే యింటికి పంపారు. యీ దశలో పట్టుకుంటే అత్యధికుల్ని కాపాడవచ్చునని ఆ డాక్టరు చెప్పింది. మరో యేడాది సబ్జాగింజలు తాగుతూ కూర్చుంటే యేమయ్యేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

యిక్కడ వొక తికమక తీర్చాలి. గర్భసంచి వేరు, దాని ముఖద్వారం వేరు. మన దేశంలో ముఖద్వారం క్యాన్సరే యెక్కువ. అది చాలావరకు హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తుంది. ఆ సంగతి కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి యే లక్షణమూ కనపడకముందే చేయించుకునే పరీక్షలున్నాయి. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవాలి. ఆడపిల్లలకు ముందుగా వేయించే టీకా వుంది. 2023 నుంచి మన దేశంలో తయారైనదే దొరుకుతోంది. పాప్ పరీక్షను రూపొందించిన పాపనికొలావ్ గారు యేళ్ల తరబడి తన భార్య ఆంద్రొమాఖి యిచ్చిన నమూనాలనే చూసుకుంటూ పని నేర్చుకున్నారట. ఆ యిల్లాలి వోపిక లోకంలో యెన్ని ప్రాణాలు నిలబెట్టిందో!

కాని పాప్ పరీక్ష బాగుంది కదా అని లోపొర సంగతి మరచిపోకూడదు. ఆ పరీక్ష ముఖద్వారానిది. లోపొరకు ఆరోగ్యంగా వున్నవాళ్లందరికీ చేసే పరీక్ష అంటూ లేదు. ఆ చుక్కే దాని దండోరా.

మరొక మాట. భయం మౌనాన్నే కాదు, తొందరనూ పుట్టిస్తుంది. మా కాలేజీలో పనిచేసే వొకామెకు ముప్పైనాలుగో యేట తెల్లబట్టవుతోందని వెళితే, “క్యాన్సరు అవుతుంది, గర్భసంచి తీయించేసుకో” అన్నారు. పరీక్ష లేదు, పాడు లేదు. అప్పుచేసి తీయించుకుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. చెప్పుకోవలసినచోట చెప్పుకోం, అడగవలసినచోట అడగం. ముందు పరీక్ష, ఆ తర్వాతనే కత్తి — ఆ వరస తప్పకూడదు.

ఆపరేషనయిన పదోరోజున అమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. “అమ్మాయ్, మా వదినకీ యిదేనంటావా?” అంది.

యేమో అన్నాను. నిజంగానే యేమో. ఆవిడ రోగానికి యెవరూ పేరు పెట్టలేదు. యిప్పుడు పెట్టినా ప్రయోజనం లేదు.

“నాకు అప్పుడే చెప్పిందే. ఆర్నెల్ల ముందే చెప్పింది. నేనే వేడి చేసిందిలే వదినా, మజ్జిగ తాగు అన్నాను.”

యిరవైయారేళ్లు ఆవిడ ఆ మాట కడుపులో పెట్టుకు తిరిగింది. నా తెలుగులో దానికి జవాబు లేదు. చెయ్యి పట్టుకు కూర్చున్నాను.

2024తో అయిదేళ్లు నిండాయి. అమ్మ ఆరోగ్యంగా వుంది. ఆ శ్రావణంలో పీటమీద తనే కూర్చుని వ్రతం చేసింది. సాయంత్రం పేరంటాళ్లకు శనగలూ తాంబూలమూ యిస్తూ, నడివయసు దాటిన ప్రతివారి చెవిలో యేదో అంటోంది. కొందరు నవ్వుతున్నారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. యేమిటా అని దగ్గరగా వెళ్లి విన్నాను.

“ముట్లాగాక వొక్క చుక్క అగుపించినా డాక్టరు దగ్గరికి పదండి. సిగ్గుపడి యెవరికీ చెప్పుకోలేకపోతే నాకు చెప్పండి, తోడు వస్తాను. వేడి చేసిందిలే అన్నారో, వూరుకోను.”

ఆ వరసలో చివర నిలబడ్డ ముసలమ్మ తాంబూలం కొంగున ముడివేసుకుంది గాని కదలలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి, అరుగుమీద అమ్మ పక్కన కూర్చుంది. నేను లోపలికి వచ్చేశాను.